కరగని కాగితం

కాగితం చేసేవాళ్లకు వాన సింహస్వప్నం. మబ్బు కమ్మితే చాలు, ఆ ఇంట్లోవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలేసి మేడెక్కి, తాళ్లమీద ఆరేసిన కాగితాలు లాక్కుని దిగాల్సిందే. అలా పరుగెత్తీ పరుగెత్తీ విసిగిపోయిన కోడలికి ఒక పంతం పుట్టింది. వానకు జడవని కాగితం చెయ్యాలి! ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, పట్టిన పట్టు విడవని మనిషి కాబట్టి సాధించింది కూడా.

చిత్తుకాగితాలు నానబెట్టి గుజ్జు చెయ్యడం ఆ ఇంట్లో పాత పనే. కోడలు దానికి ఆకు కలిపింది. వీధి చివర ఖాళీ జాగాలో పిచ్చిగా పెరిగే పొద ఒకటుంది. దాని ఆకు మందంగా, మైనం రాసినట్టు నున్నగా ఉంటుంది, మీద చినుకు నిలవదు. ఆ ఆకు ఉడికించి, జిగురు తేలేదాకా దంచి, తొట్టిలోని గుజ్జులో కలిపి, జల్లెడ చట్రంతో పల్చగా ఎత్తి ఆరబెడితే లేతపచ్చటి కాగితం వచ్చింది. భర్త దాన్ని బక్కెట్లో ముంచి, తీసి, ఒక్క దులుపు దులిపి దానిమీద దర్జాగా సంతకం పెట్టాడు.

"నువ్వు మామూలుదానివి కాదే! మొక్కల నర్సరీవాళ్లు చూశారంటే ఎగిరి గంతేస్తారు. నారు పెంచే సంచులకి ఇంతకన్నా ఏం కావాలి?"

వాళ్ల పనిగది వీధి మట్టానికి కిందుంది, మెట్లు దిగి వెళ్లాలి. దాని వెనకే అత్తగారి గది. పక్షవాతం ఒక పక్కను లాగేశాక ఆవిడ మంచం మీంచి పడిందని పరుపు నేలమీదే వేశారు. పైకి మారుస్తామంటే ఒప్పుకోలేదు. "ఈ గుజ్జు వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదురా," అని కొడుకు నోరు మూయించింది. పెరట్లో పడ్డ వాన నీళ్లూ, తొట్టి కడిగిన నీళ్లూ పనిగది మూలనున్న తూములోంచే బయటి కాలువలోకి పోవాలి. ఇంకో దారి లేదు.

రోజూ సాయంత్రం తొట్టి అడుగున మిగిలిన గుజ్జు తూములోకి వదిలెయ్యడం ఆ ఇంటి అలవాటు. అత్తగారు అలాగే వదిలింది, ఆవిడ అత్తగారూ అలాగే వదిలింది. కాగితపు గుజ్జెంత, నీళ్లలో ఇట్టే కరిగిపోయేది. కోడలూ వదిలింది. ఇది వేరే గుజ్జని, నీళ్లకు లొంగకూడదని తనే ఏరికోరి చేసిందని ఆమెకు గుర్తే రాలేదు. చెయ్యి అలవాటుపడ్డ పనిలో బుర్ర వేలు పెట్టదు కదా.

ముందు అనుమానం వచ్చింది అత్తగారికే.

"అమ్మాయ్, తూము గొంతు మారింది," అంది ఒకరోజు, కోడలు తల దువ్వుతుంటే.

"తూముకి గొంతేమిటత్తయ్యా!"

"నవ్వకు. ఇదివరకు గటగటా తాగేది. ఇప్పుడు మింగలేక మింగుతోంది. ఓసారి మీ ఆయన్ని చూడమను."

చెబుదామనే అనుకుంది. కానీ నర్సరీకి ఇవ్వాల్సిన నమూనాల హడావిడిలో ఆ మాట రేపటికి, ఆ రేపు ఎల్లుండికి జరిగింది. ఈలోగా గోడ అడుగున పాకుడు పట్టింది. తొట్టి కడిగిన నీళ్లు పొద్దుటిదాకా మూలన నిలిచి, ఉడికిన ఆకుల కంపు కొట్టాయి. అత్తగారి పరుపు అంచు చెమ్మగిల్లితే కోడలు దాన్ని ఎండలో వేసి తెచ్చింది. ఇన్ని చెప్పినా వినకపోతే ఇల్లు మాత్రం ఏం చేస్తుంది?

భర్త నమూనాలు పట్టుకుని వెళ్లిన మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. కోడలు మేడమీదికి పరుగెత్తి, రెండు క్లిప్పులు తీసి, ఆగిపోయింది. ఎందుకు తియ్యాలి? తీసినవి మళ్లీ పెట్టేసింది. కుండపోత వానలో తడుస్తూ అలాగే నిలబడి చూసింది. నీళ్లు కాగితాలమీద పడి జారిపోతున్నాయి. ఒక్కటీ సాగలేదు, ఒక్కటీ చిరగలేదు. ఆమెకు కడుపు నిండిపోయింది.

కింద గోడమీద గ్లాసు టకటకమని మోగింది. మంచాన పడ్డాక, వాన చినుకు వినిపిస్తే చాలు, కాగితాలు తియ్యండని అత్తగారు గ్లాసుతో అలాగే కొట్టేది.

"ఇక అక్కర్లేదత్తయ్యా!" కోడలు పిట్టగోడ మీంచి వంగి నవ్వుతూ అరిచింది. "ఇవి తడవవు! మీరు హాయిగా పడుకోండి!"

గ్లాసు మళ్లీ మోగింది. ఈసారి గబగబా, తీరూ తెన్నూ లేకుండా.

ఈవిడ చాదస్తం బంగారం కానూ, అనుకుంది. కాసేపటికి చప్పుడు ఆగింది. మాట వినిపించినట్టుందిలే అనుకుని, ఇంకొంచెం సేపు కాగితాల మధ్యే తిరిగింది.

దిగి వచ్చేసరికి పనిగది మెట్లు సగం కనిపించలేదు. మురికి నీళ్లు, వాటిమీద ఆకులు. మోకాళ్లు దాటిన నీళ్లలో పడుతూ లేస్తూ వెళ్లి, నీటి బరువుకు మొరాయిస్తున్న అత్తగారి గది తలుపును రెండు చేతులా లాగింది. పరుపు తేలుతోంది. అత్తగారు దానిమీద లేదు.

నీళ్లలో దేవులాడి ఆవిణ్ని పట్టుకుంది. పైమెట్టు దాకా ఎలా లాక్కొచ్చిందో ఆమెకే తెలియదు. వీపు చరిచింది, గుండె నొక్కింది, అత్తయ్యా అత్తయ్యా అని గొంతు పోయేలా పిలిచింది. ఆవిడ పలకలేదు.

అప్పుడు పిచ్చిదానిలా మళ్లీ దిగి, తూములోకి భుజం దాకా చెయ్యి దూర్చింది. తగిలినదాన్ని పట్టి పీకింది. గోడకు కాలు తన్నిపెట్టి పీకితే, పొరమీద పొర పేరుకున్న ముద్ద ఊడి చేతిలోకి వచ్చింది. లేతపచ్చటి ముద్ద. గోళ్లతో చీల్చబోతే చీలలేదు. నీళ్లు కదిలి తూములోకి పోవడం మొదలైంది. తను చేసిందేమిటో ఆమెకు తెలిసొచ్చింది. నవ్వుతూ అరిచిన తన నోటిని తనే కొట్టుకుంది. వెనక్కి వెళ్లి అత్తగారి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వీధి తలుపు తెరుచుకుంది. భర్త తడిసి ముద్దయి, సంతోషం పట్టలేక గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. మెట్ల దగ్గరి చీకట్లో అతనికి ఆమె వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"వాళ్లు ఒప్పుకున్నారే! ఒక్కటే అడిగారు, గట్టి వానకి ఆగుతుందా అని. ఇంతకన్నా గట్టి వాన ఇంకేముంటుంది? పైన ఎలా ఉన్నాయి? తట్టుకున్నాయా?"

ఆమె తిరిగి చూడలేదు.

"తట్టుకున్నాయి," అంది.