బొమ్మరైళ్ల పెట్టె చెప్పిన లెక్క

నేను ఒక నల్లటి పెట్టెను. చేతిసంచిలో పట్టేంత ఉంటాను. ముందు వైపు కొన్ని మీటలు, గుండ్రంగా తిప్పే ఒక నాబు. వెనక వైపు తీగలు తగిలించే రంధ్రాలు. బొమ్మరైళ్లను నడపడం నా వృత్తి. ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో, చక్రం ఊడిన కుట్టుమిషనుకూ అద్దం పగిలిన టీవీకీ మధ్య ఒరిగి ఉన్నాను. నన్ను తూకం వేసేలోగా, ఈ వ్యాపారంలో ఏం పెట్టానో ఏం మిగిలిందో చూసుకోవాలని ఉంది. ఓపిక లేదు. అయినా లెక్క తేల్చకుండా కొట్టు కట్టేసే అలవాటూ లేదు.

నా పని గురించి ముందు చెప్పాలి. పూర్వం బొమ్మరైళ్ల పట్టాలకు కరెంటు ఇస్తే, వాటి మీదున్న ఇంజన్లన్నీ ఒకేసారి కదిలేవి. మా కాలం వచ్చాక పద్ధతి మారింది. ప్రతి ఇంజనులో గోరంత చిప్పు, దానికొక నంబరు. బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింట్లకూ నంబర్లే. నేను పట్టాల వెంట కబురు పంపుతాను. ఏ నంబరును పిలిస్తే అదే కదులుతుంది, మిగతావి ఊరుకుంటాయి. ఇందులో లోటు ఒక్కటే. కబురు పంపడం వరకే నాకు తెలుసు. అవతల పని జరిగిందో లేదో తిరిగి నాకు తెలిసే ఏర్పాటు లేదు. పెడితే ధర పెరుగుతుందని నన్ను తయారు చేసినవాళ్లు మానుకున్నారు. వాళ్లూ వ్యాపారస్తులే, నేను తప్పు పట్టను.

సముద్రాలు దాటి వచ్చాక నా మొదటి యజమాని ఆదోని పత్తి వ్యాపారి వూటుకూరి రంగప్ప శెట్టి. పగలంతా మార్కెట్ యార్డులో బేళ్లతో, రైతులతో, మిల్లువాళ్లతో గొంతు చించుకుని, సాయంత్రం మేడ మీదికొచ్చి బొమ్మరైళ్లు నడిపేవాడు. బల్ల మీద ఒక స్టేషన్, నాలుగు దారులు, అట్టముక్కల కొండ. మాటా లెక్కా నాకు వచ్చింది ఆయన దగ్గరే. లారీ ఎత్తిన సరుకును ఆయన ఏనాడూ అమ్మిన సరుకు అనలేదు. అవతలి మిల్లు నుంచి దిగిందని ఫోను వచ్చేదాకా గుమాస్తాను ఇంటికి పోనిచ్చేవాడు కాదు. నా దగ్గరా అదే వరస. మీట నొక్కుతాడు, నేను కబురు పంపుతాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బల్ల మీదికి వంగి, పాయింటు నిజంగా పడిందా అని చూస్తాడు. ఆ తర్వాతే బండి కదిలేది. ఇంత ఖరీదు పెట్టి నన్ను తెచ్చి నన్నే నమ్మడేమిటని నాకు మనసులో కష్టంగా ఉండేది.

కొన్నేళ్లకు ఆయన నడుము వంగడం మానేసింది. మేడ గది అద్దెకు అడిగేవాళ్లు వచ్చారు. శెట్టి ఆలోచించి, బల్లతో సహా నన్ను జంక్షన్ ఊళ్లోని రైల్వే శిక్షణ పాఠశాలకు దానం చేశాడు. ఆయనకు శాలువా దొరికింది, పేపర్లో ఫోటో పడింది, గదికి అద్దె వచ్చింది. పాఠశాలకు ఖర్చు లేకుండా బొమ్మ స్టేషన్ వచ్చింది. ఎవరికీ నష్టం లేని బేరం. అంత చక్కటి బేరం నేను మళ్లీ చూడలేదు.

పాఠశాలలో నన్ను ఒక కంప్యూటరుకు కలిపారు. స్టేషన్ మాస్టరు కాబోయేవాళ్లు ప్లైవుడ్ గోడకు ఇవతల తెర ముందు కూర్చుంటారు. గోడకు అవతల పట్టాలుంటాయి, అవి కనపడవు. మీట నొక్కితే నేను కబురు పంపుతాను, తెర మీద ఆ దారి పచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చదనానికి అర్థం ‘పంపాను’ అని. అందరూ ‘చేరింది’ అని చదువుకునేవారు. నాకు తొలిసారి నమ్మకం దొరికింది. మొదట్లో గర్వపడ్డాను.

పాఠం చెప్పే ఎబినేజరు మంచివాడు. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. బల్ల చుట్టూ తిరుగుతూ, నలుపుతూ, పొట్టు ఊదుతూ పాఠం చెప్పేవాడు. పచ్చగీత వస్తే సిగ్నల్ ఇవ్వాలి, ఆలస్యం చేయకూడదు, వెనక బండ్లు ఆగిపోతాయి అని రోజూ చెప్పేవాడు. పిల్లలు బుద్ధిగా నేర్చుకునేవారు.

నేర్చుకోని మనిషి ఒక్కరే, ఉరుకుందమ్మ. భర్త రైల్వేలో పనిచేస్తూ జబ్బుచేసి పోతే ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. శిక్షణలో నెగ్గితేనే అది నిలిచేది. తాళం వేసి నాలుగడుగులు నడిచి వెనక్కొచ్చి లాగి చూసే రకం. తెర పచ్చబడినా చెయ్యి కదిలేది కాదు, పక్కకు తొంగి చూడబోయేది. అలా రెండుసార్లు సమయం మించి పరీక్ష తప్పింది. తోటివాళ్లు మంచి ఉత్సాహంగా ఏడిపించేవారు.

“అక్కా, నీ స్టేషన్‌కొచ్చే బండికి దిండూ దుప్పటీ గూడా పంపించాల.”

“పంపియ్యండి. ఉతికి మడతేసి పెడతా,” అనేది ఆమె.

నవ్వేది గాని, నవ్వాక ముఖం వాడిపోయేది. మూడోసారి తప్పితే ఉద్యోగం పోతుంది, క్వార్టరు ఖాళీ చేయాలి. అత్తనూ బడికి పోయే కూతురినీ పెట్టుకుని ఎక్కడికి పోవాలో ఆమెకు తెలియదు. పరీక్షకు ముందు ఎబినేజరు ఆమెను పక్కకు పిలిచి బతిమాలినట్టే చెప్పాడు, ఈ ఒక్కసారికి తెరను నమ్మమని. సరేనంది.

పరీక్ష చేయడానికి పెద్దాఫీసు నుంచి కాత్యాయని అనే అధికారి వచ్చింది. చేతిలో గడియారం. మెయిన్ లైనులో ఒక బొమ్మ బండి నిలబడి ఉంది. ఇంకో బండి వస్తోంది. దాన్ని పక్క లైనులోకి తీసుకోవాలి. ఉరుకుందమ్మ మీట నొక్కింది. నేను కబురు పంపాను. తెర పచ్చబడింది. ఇక సిగ్నల్ ఇస్తే పని అయిపోయినట్టే, సమయం కూడా మిగిలి ఉంది. ఆమె వేలు సిగ్నల్ మీట మీదికి వెళ్లి ఆగింది.

“సార్, ఒకసారి పోయి చూసొస్తా.”

ఎబినేజరు తల పట్టుకున్నాడు. “చూసేదానికి ఏముందమ్మా? పచ్చగా కనపడతాంది గదా.”

“కనపడతాంది సార్.”

“మళ్లీ ఏంది? టైము పోతాంది.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి మాత్రం మీట మీది నుంచి తీసేసింది.

“పోనీ సార్,” అని లేచింది.

గోడ చుట్టూ తిరిగి బల్ల దగ్గరకొచ్చి వంగింది. శెట్టి తర్వాత నా పాయింట్ల మీదికి అలా వంగిన మనిషి ఆమే. పాయింటు పడలేదు. కదిలే పట్టాకూ కదలని పట్టాకూ నడుమ పల్లీ బద్ద ఒకటి ఇరుక్కుని ఉంది. సిగ్నల్ ఇచ్చి ఉంటే, వచ్చే బండి నేరుగా మెయిన్ లైనులో నిలబడ్డ బండికి గుద్దుకునేది. ఆమె గోటితో బద్దను తీసి, తెచ్చి, అధికారి ముందు బల్ల మీద పెట్టింది.

కాత్యాయని ఆ బద్దను చూసింది. తర్వాత ఎబినేజరు చొక్కా జేబును చూసింది. ఆయన జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఈ పెట్టె ఇంతకుముందు ఎన్నిసార్లు ఇట్లా చెప్పింటాదండీ?” అని అధికారి అడిగింది.

ఎన్నిసార్లో ఎవరూ రాసి పెట్టలేదు. నాకూ తెలియదు. నేను అబద్ధం చెప్పలేదని అరవాలనిపించింది. పంపానన్నాను, పంపాను. కానీ ఆ మాట శెట్టి ముందు గుమాస్తా అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

అధికారి గడియారం ఆపి, మళ్లీ మొదటి నుంచి నడపమంది. ఉరుకుందమ్మ మళ్లీ మీట నొక్కింది, మళ్లీ లేచి వెళ్లి చూసింది, వచ్చి సిగ్నల్ ఇచ్చింది. ఆమె నెగ్గింది. నల్లరేగడి నేలల మధ్య ఒక చిన్న స్టేషన్‌కు వేశారట. కూతురూ అత్తా కూడా వెళ్లారట.

ఆమెకు వచ్చిన లాభం నా వైపు నష్టంగా పడింది. పాయింటు పడిన సంగతి తిరిగి చెప్పగల కొత్త పెట్టె ఒకటి పాఠశాలకు వచ్చింది. నన్ను పనికిరాని సామాను కింద వేలంలో తోసేశారు. ఎబినేజరు ఇప్పుడు పల్లీలు వరండాలో నిలబడి తింటున్నాడట. కొత్త పెట్టె తెర కూడా పచ్చగానే వెలుగుతుందని విన్నాను. దాన్నీ నమ్ముతారు. నమ్మడం మనుషులకు సుఖం, లేవక్కర్లేదు, వంగక్కర్లేదు.

లెక్క చూసుకుంటే నా దగ్గర మిగిలింది దిగులే. నన్ను నమ్మి, చకచకా సిగ్నల్ ఇచ్చి, మంచి మార్కులతో బయటికి పోయినవాళ్లు చాలామంది. ఇప్పుడు నిజమైన స్టేషన్లలో కూర్చుని, నిజమైన బండ్లకు దారి ఇస్తున్నారు. నిజమైన స్టేషన్లలో నాలాంటి గుడ్డి పెట్టెలు ఉండవని ఎబినేజరు అంటుండేవాడు. నిజమే కావచ్చు. కానీ ఆ పిల్లలకు లేవకుండా కూర్చోవడం నేర్పింది నేను. దూరంగా ఏ బండి కూత వినపడినా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఒక్క స్టేషన్ గురించి మాత్రం దిగులు లేదు. అక్కడ ఒక మనిషి తెర పచ్చబడ్డాక కూడా కుర్చీలోంచి లేచి, గుమ్మం దాటి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పట్టాల వైపు చూస్తుంటుంది. బండి కాస్త ఆలస్యమవుతుంది. లోపల జనం విసుక్కుంటారు.

పోనీ.