ఐదు నిమిషాలు వెనకున్న గడియారం

విన్నది విన్నట్టు కొట్టడం కోర్టు టైపిస్టుకి వెన్నతో పెట్టిన విద్య. సాక్షి దగ్గితే దగ్గాడని, ఏడిస్తే ఏడ్చిందని, బయట లారీ హారన్‌కి మాట వినబడకపోతే ఆ సంగతీ బ్రాకెట్లో కొట్టాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తున్న ఈ టైపిస్టుకి ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. తను ఆవలించినా ఆమె వేళ్లు కదులుతాయని, మోటార్లు బాగుచేసే ఆమె మొగుడు కనబడ్డవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

ఆమెకి ఒక బ్లాగుంది. దేవుడి పేరు చెప్పి మనుషుల్ని యుద్ధాల్లోకి తోసేవాళ్ల గురించి నాలుగేళ్లుగా అందులో రాస్తోంది. ఒక అల్లర్ల కేసులో అరవైమంది సాక్ష్యాలు కొట్టాక మొదలైన పని అది. అరవై సాక్ష్యాల్లోనూ, మొదటి రాయి లేవకముందు ఎవడో ఒకడు మైకు పట్టుకుని దేవుడి తరఫున మాట్లాడాడు. తీర్పులో రాళ్ల సంగతి వచ్చింది, మైకు ఊసే లేదు. అది ఆమెకి మింగుడుపడలేదు. కేసు కాగితం ఒక్కటీ బయటపెట్టలేదు, ఆమాత్రం నీతి ఉన్న మనిషే. తనే వెళ్లి మనుషుల్ని కలిసి, వాళ్లు చెప్పింది రాసేది. ఏ మతాన్నీ వెనకేసుకురాలేదు కాబట్టి అందరూ కలిసి దుమ్మెత్తిపోశారు. దేనిమీదా కలవనివాళ్లు నిన్ను తిట్టడానికి ఏకమయ్యారు, అదీ ఒకరకం శాంతేనోయ్ అనేవాడు మొగుడు.

ఆ బ్లాగుకోసమే ఒకరోజు ఒక టైలరమ్మ దగ్గరికెళ్లింది. టైలరమ్మ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ముందుగదిలో మిషను, వెనకగదిలో కాపురం. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకుని ఆ మిషను మీదే పెంచింది. వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు ఒక పెద్దమనిషి దేవుడి పేరుతో ఫోన్లో ప్రసంగాలు పంపడం మొదలుపెట్టాడు. సరిహద్దు అవతల మనవాళ్లు చస్తుంటే నువ్విక్కడ చొక్కాలకి ఇస్త్రీ చేసుకుంటున్నావా అని పొడిచాడు. ఆ పెద్దమనిషి కొడుకులు మాత్రం ఇంజనీరింగ్ చదువుకుంటున్నారు. వీడు సరిహద్దు దాటి యుద్ధానికి వెళ్లిపోయాడు. పద్నాలుగు నెలలైంది, బతికున్నాడో లేదో తెలియదు.

టైపిస్టు ఇదంతా రాసి పెట్టింది. పేరు తీసేసింది, వీధి తీసేసింది, టైలరు పని కూడా తీసేసి వంటపనని మార్చింది. అన్నీ జాగ్రత్తగా మార్చిన మనిషి, మధ్యలో బ్రాకెట్ మాత్రం అలాగే ఉంచేసింది. (ఇక్కడ మిల్లు సైరన్ మోగి మాట వినబడలేదు. సాక్షి ఇంటి గోడగడియారంలో పన్నెండుకు ఇంకా ఐదు నిమిషాలుంది.) చేతి అలవాటు, ఏం చేస్తాం! పక్కమనిషి మాట వినబడనంతగా సైరన్ మోగేది మిల్లు గోడని ఆనుకున్న ఒక్క సందులోనే. ఆ సందులో కొడుకు కనబడకుండా పోయిన తల్లి ఒక్కతే.

మూడోరోజు ఆ పెద్దమనిషి తాలూకు ఇద్దరు మనుషులు ఎంతో మర్యాదగా టైలరమ్మ గదిలోకొచ్చి, కుట్టి మడతపెట్టిన యూనిఫారాల మీద మిషను నూనె డబ్బా ఒంపేశారు. ఆ రాత ఆదివారంకల్లా పోవాలన్నారు, లేకపోతే ఈసారి నూనెతో పాటు అగ్గిపెట్టె కూడా తెస్తామన్నారు.

అటువైపు మోటారు బిగించడానికెళ్లిన మొగుడు ఈ కబురు తెచ్చేసరికి టైపిస్టుకి పైప్రాణాలు పైనే పోయాయి. అరవైమంది సాక్షుల్ని చూసిన మనిషిని, ఒక్క సాక్షిని కాపాడుకోలేకపోయానే అని తల బాదుకుంది. వెంటనే ఆ బ్రాకెట్ తీసేసింది. ఆదివారం పొద్దున మొత్తం బ్లాగే మూసేద్దామని కూర్చుంది.

అప్పుడే టైలరమ్మ గుమ్మంలో నిలబడింది. చేతిలో నూనె మరకల చొక్కా ఉంది.

"ఆ సైరన్ లైను కనబడటంలేదేం?" అంది.

టైపిస్టు తల దించుకుని, తప్పంతా తనదేనంది. మొత్తం తీసేస్తున్నానని, నువ్వు ప్రాణాలతో ఉంటే చాలక్కా అని చెప్పింది. టైలరమ్మ చొక్కాని బల్లమీద పరిచింది.

"నన్ను కనిపెట్టాల్సినవాళ్లు ఎలాగూ కనిపెట్టేశారు. ఇంక కనిపెట్టాల్సింది మావాడొక్కడే. ఆ లైను మళ్లీ పెట్టు."

తర్వాత నిదానంగా అసలు సంగతి చెప్పింది. సైరన్ సరిగ్గా పన్నెండుకే మోగుతుంది, వెనకున్నది గడియారం. తొమ్మిది దాటి ఇంటికొస్తే అమ్మ తలుపు తియ్యదని, కొడుకే మిషను బల్లెక్కి ముల్లు ఐదు నిమిషాలు వెనక్కి తిప్పాడు. దిగేటప్పుడు కాలు పడి బాబిన్ల డబ్బా పగిలింది. పిల్లి పడేసిందన్నాడు. వాళ్లింట్లో పిల్లే లేదు. ఆవిడ నమ్మినట్టే ఊరుకుంది, గడియారం ముట్టుకోలేదు.

"ఎక్కడున్నా ఫోన్ చూడకుండా వాడుండలేడు. అందరూ తిట్టుకుంటూ పంచుకుంటున్న రాత వాడిదాకా వెళ్లకపోదు. ఆ లైను చదివితే, మాట్లాడింది వాళ్లమ్మేనని వాడికి తెలుస్తుంది. నాకు భయం లేదనుకోకు అమ్మాయ్. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, అయినా నడిచొచ్చాను కదా."

ఆవిడ వణుకుతూ నడిచొస్తే తను కుర్చీలో కూర్చుని మూసేద్దామనుకున్నందుకు టైపిస్టుకి సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని ముందు ఫిర్యాదు కొట్టింది. వచ్చిన ఇద్దరి ఆనవాళ్లు, నూనె డబ్బా, అగ్గిపెట్టె మాట, అన్నీ విన్నవి విన్నట్టు నాలుగు పేజీలు. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోవడం కుదరదని నసిగితే, కుదరదన్న మాటే రాసివ్వండి అని కాగితం ముందుకు తోసింది. పుచ్చుకుని రసీదిచ్చారు. సాయంత్రానికి మొగుడు టైలరమ్మనీ, ఆవిడ మిషనునీ బండిమీద తమ ముందుగదికి చేర్చాడు. గడియారమూ తెచ్చి గోడకి కొట్టాడు. తప్పు టైము చూస్తే చెయ్యి ఊరుకోని మనిషి, ముల్లు సరిచెయ్యబోతే ఆడవాళ్లిద్దరూ ఒక్కసారే కసిరారు. నా ఇంట్లో నాకే టైము బాగాలేదని గొణుక్కుంటూ బల్ల దిగాడు.

బ్రాకెట్ తిరిగి ఎక్కింది. బెదిరింపులు వస్తూనే ఉన్నాయి. వచ్చినవాటిని వచ్చినట్టు ఫిర్యాదుకి జతచేస్తూనే ఉంది టైపిస్టు. పెద్దమనిషి ప్రసంగాలకి పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు మరో ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల మాటలూ రాసింది, ఈసారి ప్రతి బ్రాకెట్టూ చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పెట్టింది.

తొమ్మిది వారాలకి, ఒక సెలవురోజు పొద్దున, పాత రాత కింద కొత్త వ్యాఖ్య కనబడింది. పేరు లేదు. టైపిస్టు చదివి, లేచి, ముందుగదిలోకి పరుగెత్తింది. టైలరమ్మ కాలరు కుడుతోంది.

"అక్కా, మిషనాపు. విను. 'గడియారం ఇంకా అలాగే ఉందా? బాబిన్లకి కొత్త డబ్బా కొన్నావా?'"

డబ్బా సంగతి బ్లాగులో ఎక్కడా లేదు. ఇద్దరికీ తెలుసు. టైలరమ్మ మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నా కాలరు మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"కొట్టు," అంది. "డబ్బా కొన్నాను. గడియారం అలాగే ఉంది. వచ్చి నువ్వే తిప్పు."

టైపిస్టు విన్నది విన్నట్టే కొట్టింది. అలవాటుగా బ్రాకెట్ తెరిచి, ఆవిడ మొహం చూసి, ఆ ఒక్కసారికి చెరిపేసింది.