ఖాళీల్లో పిట్టలు

తాగిన కాఫీ కప్పు ఆయన తనే కడిగి బోర్లించిన రోజున ఆమెకి మొదటి అనుమానం వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ కప్పు అడుగుభాగాన్ని ఆయన చూడటం అదే మొదలు. కప్పు కూడా కంగారుపడే ఉంటుంది. మర్నాడు దుప్పట్లు మడతపెట్టాడు. ఆ మర్నాడు, "బాగా అలిసిపోయావోయ్. మీ అక్క దగ్గరికెళ్లి నాలుగు రోజులు ఉండి రా," అన్నాడు. ఇల్లు తగలబడుతుంటే ముందు టిఫిన్ పెట్టి ఆ తర్వాత ఆర్పుకోమనే మనిషి! అనుమానం రాక చస్తుందా?

ఇద్దరూ బొమ్మలేసేవాళ్లే. కాకపోతే చుట్టాల లెక్కలో ఆయన ఆర్టిస్టు, ఆమె 'తను కూడా ఏవో వేస్తుంది'. ఆయన పిట్టల్ని వేస్తాడు. పసుపు పిట్టలు. ఊళ్లో సోఫా కొన్న ప్రతివాళ్లూ దాని వెనక గోడకి ఆయన పిట్టనొకదాన్ని తగిలిస్తారు. చెట్ల మీదకన్నా సోఫాల మీదే పిట్టలు ఎక్కువైపోయాయి. ఆయనవి నీళ్లతో కలిపే రంగులు, ఆమెవి నూనె రంగులు. ఆ నూనె వాసనకి తల పగిలిపోతుందని ఆయన అన్నప్పట్నుంచీ ఆమె స్టూడియో వెనక బాల్కనీలోకి, వాషింగ్ మెషీన్ పక్కకి మారింది. మెషీన్ తిరిగినప్పుడల్లా స్టాండు ఊగుతుంది. తొలి రోజుల్లో ఆమె వేసిన కుర్చీల బొమ్మలన్నీ భూకంపంలో ఉన్నట్టుండేవి. ఎవరో అది శైలి అనుకున్నారు.

అసలు గొడవంతా ఒక పల్లెటూరి నుంచి మొదలైంది. మూతపడ్డ పాత మిల్లు షెడ్డులో చిత్రకారులకి చోటిచ్చి, తిండిపెట్టి, నెలపాటు బొమ్మలేసుకోమన్నారు. "గోడలు మనింట్లో లేవా అమ్మాయ్, అంత దూరం వెళ్లాలా?" అన్నారు అత్తగారు. నెల రోజులు ఒక్కదానివీ ఏం చేస్తావన్నాడు ఆయన. బొమ్మలేస్తానంది. ఇద్దరూ నమ్మలేదు. అయినా వెళ్లింది.

అక్కడ ఒక వింత జరిగింది. ఇంట్లో ఏ బొమ్మ వేస్తున్నా మధ్యలో పిలుపొస్తుంది. పాలు పొంగుతున్నాయని, తలుపు కొడుతున్నారని, కళ్లజోడు ఏదని. కళ్లజోడు ఆయన నెత్తి మీదే ఉంటుంది, అది వేరే సంగతి. మిల్లులో పిలిచేవాళ్లే లేరు. అయినా ఇంటి గచ్చు బొమ్మ వేస్తుంటే, మెట్లు వేస్తుంటే, దండెం మీది బట్టలు వేస్తుంటే ఒక చోటికి రాగానే చెయ్యి దానంతటదే ఆగిపోయేది. చెవి వెనక్కి తిరిగేది. కొన్నాళ్లకి ఆమెకి అర్థమైంది. ఆ చోటుని పళ్లెమంత మేర రంగు తగలనివ్వకుండా, ఉత్త కాన్వాసు గుడ్డగా వదిలెయ్యడం మొదలుపెట్టింది. తనని పిలిచిన చోట్లవి. నెల తిరిగి ఆ బొమ్మలతో ఇంటికొచ్చాక, గ్యాలరీ నడిపే ఆవిడ చూడటానికొచ్చి, ఒక ఖాళీకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది. వెళ్తూ వెళ్తూ, మీ ఇద్దరికీ కలిపి జంట ప్రదర్శన పెడదామంది. అదిగో, ఆ వారమే కప్పు కడగడం మొదలైంది.

అక్క దగ్గర్నుంచి ఒకరోజు ముందే వచ్చేసింది. మొదటి పనిగా ఆయన విప్పేసిన చొక్కా వాసన చూసింది. ఎవత్తిదో సెంటు వాసనొచ్చినా ఇంత భయపడేది కాదు. నూనె రంగుల వాసన. తన రంగులు. తిన్నగా బాల్కనీలోకెళ్లి కాన్వాసుల మీది గుడ్డ లాగింది.

గచ్చు మధ్యన ఒక పసుపు పిట్ట. మెట్ల మీద ఒకటి. దండెం మీద జంట. ఏ ఖాళీనీ వదల్లేదు మహానుభావుడు. ప్రతి పిట్టా ఆమె వంకే చూస్తోంది, పాలు పొంగుతున్నాయని చెప్పడానికొచ్చినట్టు.

"ఖాళీలుంటే పూర్తి కాలేదనుకుంటారోయ్," అన్నాడు ఆయన వెనకనుంచి, సర్ప్రైజు పాడయిందని కాస్త చిన్నబుచ్చుకుంటూ. "ఇంటి పనితో నీకు టైం చాల్లేదని తెలుసు. అందుకే తలనొప్పొచ్చినా కూర్చుని పూర్తి చేశా. మన ఇద్దరి షో కదా."

ఆయన గొంతులో అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు. మనస్ఫూర్తిగానే అంటున్నాడు. దానికే ఎక్కువ భయమేసింది. ఇన్నేళ్లూ పక్కనే ఉండి, తనని చూసి ఆయన అనుకున్నది అదన్నమాట. పూర్తి కాలేదని.

రంగు ఇంకా తడిగానే ఉంది, తుడవచ్చు. కానీ తుడిస్తే మరక మిగులుతుంది. మరక ఖాళీ కాదు.

ప్రదర్శన రోజు పొద్దున, ఆయన తన బొమ్మలు తగిలించుకోవడానికి వెళ్లాక, ఆమె బ్లేడు తీసుకుని బాల్కనీలో కూర్చుంది.

"ఏం కోస్తున్నావమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"మీ అబ్బాయి పిట్టల్ని, అత్తయ్యా."

"కూరలోకేనా?" అన్నారావిడ. ఆ ఇంట్లో ఏం కోసినా వంటకే.

సాయంత్రం ఆయన జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చేసినవాళ్లు లేక చొక్కా నలిగి ఉంది. ఆమె బొమ్మలన్నిట్లో పళ్లెమంతేసి కన్నాలు. కన్నాల్లోంచి ఉత్త గోడ. జనం వాటి ముందే ఆగిపోతున్నారు. ఎదురుగోడ మీద, ఆయన పెద్ద పిట్టల కింద, ఆయన మధ్యాహ్నం భోజనానికెళ్లిన వేళ చూసి ఆమె గుచ్చిన చిన్న పిట్టలన్నీ వరసగా ఉన్నాయి, కింద ఆయన పేరుతో సహా.

"ఏం చేశావిది?" అన్నాడు పళ్లు బిగించి.

"ఇద్దరి షో కదండీ. మీ వాటా మీకు పంచేశాను."

అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. ఇంటినుంచి అత్తగారు. చూడగానే అలవాటుగా, "నీకేనోయ్," అంటూ ఆమె వైపు చాపాడు.

ఆమె చెవి వెనక్కి తిరగబోయింది. దాన్ని ఆపి, తన బొమ్మలోని కన్నంలోంచి గోడకేసి చూస్తూ నిలబడింది. ఫోను మోగి మోగి, ఆయన చేతిలోనే ఆగిపోయింది.