ఒకటో నంబరు పిన్ను

నేను ఒక వీజీఏ కేబుల్‌ని, కంప్యూటరు నుంచి తెరకి బొమ్మ మోసేదాన్ని. నీలిరంగు తల, అందులో పదిహేను పిన్నులు. ఒకటోది ఎరుపుని, రెండోది ఆకుపచ్చని, మూడోది నీలాన్ని మోస్తాయి. బానపొట్ట మానిటర్ల కాలంలో పుట్టాను. అవి సన్నబడి గోడకెక్కినా నేను మారలేదు. నాకో దుర్గుణం ఉంది. ఒక రంగు తెగిపోయినా మిగతా రెండిటితో బొమ్మ చూపిస్తూనే ఉంటాను. మనుషులు దాన్ని గట్టిదనం అనుకున్నారు.

నేను మొదట పనిచేసిన కంప్యూటర్ సెంటరు మూతపడ్డాక డాక్టర్ ధర్మారావు నన్ను తన నర్సింగ్‌హోముకి తెచ్చుకున్నాడు. పొట్టకి చిన్న చిల్లులు పెట్టి, కెమెరా లోపలికి పంపి, తెర చూస్తూ ఆపరేషన్ చేస్తాడాయన. కెమెరా పెట్టెకీ తెరకీ మధ్య నేను. డిజిటల్ కేబుల్ తెప్పించమని నర్సు ఎస్తేరు ఎన్నిసార్లు చెప్పినా, "కలిసొచ్చిన వస్తువమ్మా" అనేవాడు.

ఆయుధపూజనాడు ఆయనే నన్ను ఊడదీసి తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. తిరిగి పెట్టేటప్పుడు వంకరగా పెట్టి బలంగా నొక్కాడు. ఒకటో పిన్ను ఒరిగిపోయింది. నాకు తెలుసు. చెప్పడానికి నోరేది?

మర్నాడు విజయదశమి. బల్లమీద గున్నమ్మ, జీడిపిక్కలు కొట్టే మనిషి. పిత్తాశయంలో రాళ్లు.

"సోమారం పనికెల్లిపోవచ్చునా బాబూ? మానేత్తే మేస్త్రి ఇంకోల్ని ఎట్టేసుకుంతాడు."

"నడుచుకుంటూ వెళ్తావమ్మా," అన్నాడు డాక్టరు.

మత్తిచ్చాక తెర వెలిగింది. అంతా పచ్చనీలం.

"సార్, రంగు తేడాగా ఉందండీ. ఆపేద్దామా?" అంది ఎస్తేరు.

"దశమిపూట మొదటి కేసు ఆపకూడదు. ఆకారం కనబడుతోందిగా."

ఆకారం కనబడింది. నెత్తురు మాత్రం నల్లగా కనబడింది. ఆయన పిత్తం అనుకుని నీళ్లతో కడుగుతూ పోయాడు. పీల్చే గొట్టం కింద సీసా నిండాక ఎస్తేరు అరిచింది.

"సార్, సీసా చూడండి! అంతా రక్తం!"

పొట్ట కోసేసరికే ఆలస్యమైంది. గున్నమ్మ మళ్లీ లేవలేదు.

పాడు కేబుల్ వల్లే అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడే. తెలిసీ వాయించిందెవరు?

వారంలో నా స్థానంలోకి హెచ్‌డీఎంఐ అనే డిజిటల్ కేబుల్ వచ్చింది. దానికి సగం బొమ్మ చూపించడం చాతకాదట. సంకేతం తెగితే తెర చీకటైపోతుందట. ఆ పొద్దున నా తెరా చీకటైతే ధర్మారావు చెయ్యి ఆగేది, గున్నమ్మ సోమవారం పిక్కలు కొట్టుకునేది. అందుకే నా గట్టిదనం మీద నాకే అసహ్యం.

ఇప్పుడు పాతసామాన్ల గోతంలో ఉన్నాను. ఎరుపు మొయ్యలేకపోయిన నా తలమీద ఆ కుంకుమ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.