అయ్యగారు చెప్పిన నది

ప్రభువు బాప్తిస్మం తీసుకున్న నది గురించి అయ్యగారు ఏళ్ల తరబడి వాక్యం చెబుతున్నారు. టైర్ల దుకాణం పైనున్న చర్చి హాల్లో, ఫ్యాన్ల గోల మధ్య, నది వెడల్పు చూపించడానికి రెండు చేతులూ బార్లా చాచేవారు. అవీ చాలక స్టేజీ ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేవారు. ఈ ఒడ్డున నిలబడి చూస్తే ఆ ఒడ్డున మనిషి చీమలా కనిపిస్తాడట. పిల్లల నాటికలో ఇద్దరు ఆడవాళ్లు నీలం దుప్పటి పట్టుకుని ఊపితే అవే అలలు. అంత వర్ణించిన పెద్దమనిషి ఆ నదిని కళ్లతో చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు సంఘం వాళ్లతో కలిసి యాత్రకు వచ్చారు. తెల్లారకముందే లేవడం, బస్సెక్కడం, దిగడం, క్యూలో నిలబడడం. కాళ్లు పీకేస్తున్నాయి. ప్రభువు పుట్టిన చోట వంగి రాయిని ముట్టుకుంటే రాయి చల్లగా తగిలింది, అంతే. సమాధి దగ్గర కళ్లు మూసుకునేలోపే వెనకాయన మోచేత్తో పొడిచాడు.

బయల్దేరే ముందే భార్యతో తేల్చి చెప్పేశారు. "నోరు ప్రార్థన చేస్తోంది గానీ మనసు రావట్లేదు. అక్కడ కూడా లోపల ఏమీ కదలకపోతే సంఘాన్ని ఇంకొకరికి అప్పగించేస్తాను. జనాన్ని మోసం చెయ్యలేను." ఆవిడ వాదించలేదు. ఆవిడకీ ఓపిక లేదు.

చూడవలసినవాటిలో చివరిది ఈ నదే. బస్సు దిగి చూస్తే గోధుమరంగు నీళ్లు, రెల్లుగడ్డి, సిమెంటు మెట్లు. అటు ఒడ్డున ఎవరో తుమ్మితే ఇటు వినపడింది.

సంఘంలోని ఇస్త్రీ పెద్దమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది. బతుకంతా నిలబడి జనం బట్టలకు ఇస్త్రీ చేసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి.

"అయ్యగారూ, నదికి ఇంకా ఎంత దూరం నడవాలండీ?"

"ఇదేనమ్మా."

ఆవిడ అటూ ఇటూ చూసింది. "మన దుప్పటే నయం కదండీ."

భార్య రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారికి మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"చూడకుండానే చెప్పానమ్మా, ఇన్నేళ్లూ."

"మేమూ చూడకుండానే విన్నాం కదా," అంది పెద్దమ్మ తేలిగ్గా. "అసలు నాకు రాత్రంతా నిద్ర లేదు. అంత నదిలో దిగితే కొట్టుకుపోతానని. ఇదైతే దిగొచ్చు. కాస్త చెయ్యి పట్టుకోండి."

ఇద్దరూ మెట్టు మెట్టుగా దిగారు. మోకాలి లోతులో పెద్దమ్మ మొహం కడుక్కుని, తల వంచి నిలబడింది. ప్రతి ఆదివారం జరిగేదే. ఆరాధన అయ్యాక అందరూ వరస కడతారు, అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆయన చెయ్యి ఎత్తి ఆవిడ తల మీద పెట్టారు. నోరు తెరిచారు. ఎప్పుడూ చెప్పే మాటలు కూడా రాలేదు.

పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏమైందండీ?"

"రావట్లేదమ్మా. చాలా కాలంగా ఇంతే."

ఆవిడ కంగారు పడుతుందనుకున్నారు. ఆవిడ ఆలోచనలో పడింది.

"మరి మీకు ఎవరు చేస్తారు ప్రార్థన?"

అయ్యగారు గుర్తు చేసుకోబోయారు. ఒక్క పేరూ తట్టలేదు. "ఎవరూ చెయ్యరు."

"ఆ మాట ముందే చెప్పొద్దూ? వంగండి, నాకు అందట్లేదు."

ఆయన వంగారు. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాసిన అరచెయ్యి తడితడిగా నడినెత్తిన పడింది.

"ప్రభువా, మా అయ్యగారు బాగా అలిసిపోయారు. మా గోడంతా ఈయనకే చెప్పుకున్నాం. కాసేపు నువ్వు చూసుకో ఈయన్ని."

అయ్యగారికి ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నారు గానీ ఆగలేదు. మెట్ల పైనుంచి గైడు బస్సెక్కమని కేకేస్తున్నాడు.

"చెయ్యి తియ్యకమ్మా, ఇంకాస్త ఉంచు," అన్నారు.

బస్సులో ఆయన ప్యాంటు అంచులు పిండుకుంటుంటే భార్య మెల్లగా అడిగింది. "ఇంతకీ సంఘం సంగతి ఏమనుకున్నారు?"

"ఈ ఆదివారం నేనూ వరసలో నిలబడతాను. నువ్వు నాకు ప్రార్థన చెయ్యి. ఆ తర్వాత చూద్దాం."

"సరే. మరి నాకో?"

ఆయన తెల్లబోయి ఆవిడ మొహంలోకి చూశారు. కళ్ల కింద నల్లటి వలయాలు. అవి ఎప్పటినుంచి ఉన్నాయో ఆయనకు తెలియదు. బస్సు కదిలింది. ఆయన ఆదివారం దాకా ఆగలేదు. చెయ్యి ఆవిడ తల మీద పెట్టారు. మాటలు తడబడుతూ వచ్చాయి.