తేనెపెట్టెల వ్యాను మీద డిష్

నేను ఒక డిష్‌ని. ఆకాశంలోంచి టీవీ బొమ్మను పట్టి కిందికి దించే ఇనుప పళ్లేన్ని. హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పెద్ద యంత్రం దభీమని మీద పడితే నాకీ గుంట వచ్చింది. మా జాతికి ఒకటే ధర్మం. ఉపగ్రహం పైన ఒక చోట ఉంటుంది, మేము డాబా మీద ఒక చోట ఉంటాం. దాని ముఖం చూస్తూ కదలకుండా కూర్చోవాలి. వేలెడు పక్కకు జరిగామా, బొమ్మ పోతుంది. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కని మనిషి చేతిలో పడి నేను పడ్డ పాట్లు ఇవి.

ఆ మనిషి పేరు మస్తానయ్య. నరసరావుపేట దగ్గర ఒక పల్లె. తేనెటీగలు పెంచుతాడు. పూత ఎక్కడుంటే ఈగల పెట్టెలు అక్కడికి లారీలో పోతాయి. వెనకాలే మొగుడూ పెళ్లాం వ్యానులో పోతారు. ఆ వ్యాను ఒకప్పుడు బడిపిల్లల్ని మోసింది. మస్తానయ్య దాని సీట్లు పీకించి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, తలవైపు దేవుడి పటాలకొక అర పెట్టించాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు వాళ్ల ఇల్లు అదే.

మస్తానయ్యకు నోట్లో నాలుక ఉంది గానీ అది ఈగల కోసమే. పెట్టె మూత తీస్తే "ఉండండమ్మా, ఉండండి తల్లీ" అని ఎంత ముద్దుగా మాట్లాడతాడో! పెళ్లాం అంకమ్మతో మాత్రం అన్నం పెట్టు, నీళ్లియ్యి, అంతే. చుట్టూ చేలు, మనిషి అలికిడి ఉండదు, ఫోనుకు సిగ్నలు చాలదు. పోయినేడు ఆమె విసిగిపోయి పూత మధ్యలోనే సత్తెనపల్లిలో అన్న ఇంటికి వెళ్లిపోయింది. లేచిపోయే ఈగల గుంపును పట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒంటిచేత్తో చేతకాక, మస్తానయ్య చూస్తుండగానే పది పెట్టెల ఈగలు ఎగిరిపోయాయి. ఈ ఏడు అంకమ్మ ముందే తెగేసి చెప్పింది.

"వ్యానులో టీవీ పెట్టు, వస్తా. లేదంటే నువ్వూ నీ ఈగలూ ఏలుకోండి."

అలా నేనున్న కొట్టుకు వచ్చాడు. కొట్టు జిలానీ భాయ్‌ది, మంచి మనిషి. మూడు రకాలు చూపించాడు. మొదటిది బోర్లించిన కుండలా ఉంటుంది. వ్యాను ఎటు తిరిగినా లోపల అదే తిరిగి ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. దాని ధర విని మస్తానయ్య మంచినీళ్లు అడిగాడు. రెండోది పలకలా మడతపడేది, దాని ధరకు కూర్చోవడానికి కుర్చీ అడిగాడు. మూడోదాన్ని నేను. నెలనెలా కట్టే పని లేని, ఊరంతా డాబాల మీద ఉండే మామూలు డిష్.

"నీకిదే సరిపోద్ది అన్నా. కాకపోతే ఈ మూడుకాళ్ల స్టాండూ, సిగ్నలు దొరికితే కూతపెట్టే ఈ చిన్న మీటరూ కూడా పట్టుకెళ్లు. వ్యాను యాడైనా పెట్టుకో, దీన్ని మాత్రం ఎండలో పెట్టి తిప్పుకో" అన్నాడు జిలానీ భాయ్.

బంగారం లాంటి సలహా. నేను ఉబ్బిపోయాను. మస్తానయ్య స్టాండును అటూ ఇటూ తిప్పి చూసి, "చేలో పెడితే ఎవడన్నా ఎత్తుకుపోడా?" అన్నాడు. మీటరు ఎందుకూ, నాకు కళ్లు లేవా అన్నాడు. ఆ రెండూ వదిలేసి నన్నొక్కదాన్నే సంకన పెట్టుకుని తిన్నగా వెల్డింగు షాపుకు నడిచాడు.

వాళ్లింటి ముందు వ్యాను ముక్కు ఉత్తరానికి పెట్టి నిలబడి ఉంది. టీవీ పెట్టి, నన్ను వ్యాను నెత్తిన దక్షిణానికి తిప్పి, బొమ్మ తళతళా వచ్చాక, అలాగే పట్టి ఉంచి వెల్డింగు చేయించేశాడు. నా కాలు చుర్రుమంది. అంకమ్మ నవ్వింది. మస్తానయ్య మీసం దువ్వాడు. ఈ మూర్ఖుడికి చెప్పడానికి నాకు నోరు లేకపోయిందే అని ఆ రోజు ఏడ్చినంత పని చేశాను.

మొదటి మకాం నంద్యాల వైపు, పొద్దుతిరుగుడు చేల దగ్గర. వ్యాను ముక్కు తూర్పుకు పెట్టి ఆపాడు. ఇంకేముంది, నేను పడమట కొండను చూస్తున్నాను. టీవీలో నల్లటి తెర. గట్టెక్కి సిగ్నలు వెతుక్కుని జిలానీ భాయ్‌కి ఫోను చేశాడు.

"డిష్ ఎటు చూస్తంది అన్నా?"

"పైకే చూస్తంది భాయ్."

అవతల చాలాసేపు నవ్వు వినబడింది. తర్వాత సంగతి తెలిసింది. డిష్ తిరగదు కాబట్టి వ్యానే తిరగాలి! ఆ సాయంత్రమంతా మస్తానయ్య వ్యానును ముందుకీ వెనక్కీ పోనిస్తుంటే, లోపల అంకమ్మ "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరుస్తూనే ఉంది. నేల వాలుగా ఉంటే చక్రం కింద రాయి పెట్టాడు. రాయి జారితే ఇంకో రాయి. చీకటి పడే వేళకు బొమ్మ కుదిరింది. తీరా పడుకోబోతే అంకమ్మ మంచం దిగి నిలబడింది.

"ఏందయ్యా ఇది, తల ఉత్తరానికొచ్చింది! పీనుగులా పడుకోమంటావా నన్ను?"

ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఇంట్లో పడుకున్నారు కాబట్టి ఇది ఎవరికీ తట్టలేదు. తలగడ అటు తిప్పుకోమన్నాడు. అటు తిప్పితే కాళ్లు దేవుడి పటాలకు తగులుతాయి. పటాల అర మార్చుకోవచ్చు గదా అంటారేమో, అదీ వెల్డింగే! ఆ వెల్డింగు షాపువాడికీ ఇతనికీ ఏ జన్మ బంధమో. దాంతో సాయంత్రం టీవీ కోసం ఒకసారి, పడుకోవడానికి ఇంకోసారి ఇంటిని తిప్పడం మొదలైంది. డీజిలు కాలుతోంది, మస్తానయ్య మాట ఇంకా తగ్గింది. నాకు ఒళ్లు మండిపోయేది.

తర్వాతి మకాం నువ్వుల చేల దగ్గర. ఎండలు ముదిరాయి. ఈగలకు నీడ ఉండాలి కాబట్టి పెట్టెలన్నీ చింతచెట్ల కింద పెట్టాడు. వ్యానూ అక్కడే. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇప్పుడు ఎటు తిప్పినా నాకు కనబడేది చింతాకే. వందల ఛానళ్లు నెత్తిమీదుగా పోతున్నాయి, అంకమ్మ మూడు వారాలు నల్లటి తెర ముందు కూర్చుని వక్కలు నమిలింది. నాలుగో వారం సంచి సర్దింది.

"రేపు పొద్దున బస్సెక్కుతా."

మస్తానయ్య గబగబా లేచాడు. రంపం తెచ్చి నా కాలు కోశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? జిలానీ భాయ్ స్టాండు ఇచ్చినప్పుడు తెచ్చుకుని ఉంటే నాకీ కోత తప్పేది గదా! చెట్లకు దూరంగా ఎండలో ఒక ఖాళీ తేనెపెట్టె పెట్టి, దాని మీద నన్ను నిలబెట్టి, ఇటుకలు ఆనించి, పొడుగాటి వైరు లాగాడు.

"వచ్చిందా?"

"రాలా."

"ఇప్పుడో?"

"రాలేదంటే! కొంచెం కిందికి దించు."

"ఎండగా ఉందే, ముందు నువ్వు మంచినీళ్లు తాగు."

లోపల చెంబు చప్పుడైంది. కాసేపటికి ఆమె, "నువ్వూ తాగు" అంది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా అలా అరుచుకున్నారు. రెండింటికి బొమ్మ వచ్చింది. ఎవరో వంకాయ కూర వండుతున్నారు. నా జన్మకు ఇన్నాళ్లకు అర్థం దొరికిందని పొంగిపోయాను. వంకాయలు నూనెలో పడ్డాయో లేదో, జుమ్మని చప్పుడు. ఖాళీ పెట్టెలో పాత మైనం వాసన ఉంటుందన్న ధ్యాస ఈగల కాపరికే లేకపోయింది! ఏదో పెట్టెలోంచి లేచిన గుంపు ఒకటి వచ్చి, నా ముందుచెయ్యి చివర సిగ్నలు పట్టే చిన్న డబ్బా మీద గుమ్మడికాయంత వేలాడింది. బొమ్మ పోయింది.

అంకమ్మ తిట్టుకుంటూ బయటికొచ్చి ఒక్క క్షణం చూసింది. కొంగు నడుముకు చుట్టింది.

"పొగడబ్బా యాడుందయ్యా? నిలబడి చూస్తావేంది, మూత తియ్!"

ఆమె పొగ పట్టింది, అతను నన్ను మెల్లగా కిందికి దించి, పెట్టె మూత తీసి, నన్ను వంచి గుంపును అందులోకి దులిపాడు. ఒక్క ఈగ పోలేదు. మూత వేశాక ఇద్దరూ చెమటలు తుడుచుకుంటూ నేల మీద కూలబడ్డారు.

"టీవీ బొమ్మల కోసమనుకున్నావా నేను అడిగింది? మనిషి గొంతు వినబడక చచ్చిపోతన్నా. నెలరోజుల్లో నీ గొంతు ఇయ్యాలే విన్నా" అంది అంకమ్మ.

మస్తానయ్య పొగడబ్బా ఆర్పి పక్కన పెట్టాడు. "రేపు బస్సెక్కుతావా?" అన్నాడు.

"ఇంకా తేల్చుకోలా. అడుగుతా ఉండు."

మర్నాడు ఆమె బస్సెక్కలేదు. నన్ను మళ్లీ ఎవరూ నిలబెట్టలేదు. ఇప్పుడు చింతచెట్టు కింద వెల్లకిలా పడి ఉన్నాను. నా గుంటలో గులకరాళ్లు వేసి నీళ్లు పోశారు, ఈగలు వచ్చి తాగిపోతాయి. ఆకాశంతో మాట్లాడాల్సిన నాకు ఈ గతి పట్టిందేమిటని రోజూ కుములుతూనే ఉంటాను. మస్తానయ్య మాత్రం ప్రతి సాయంత్రం ఆమె పక్కన కూర్చుని పెట్టెల సంగతులన్నీ చెప్పి, చివర్లో రేపు బస్సెక్కుతావా అని అడుగుతాడు. ఆమె ఇంకా తేల్చుకోలేదంటుంది.

నిన్న పని ఎక్కువై, అడగకుండానే నిద్రపోయాడు. ఇవాళ తెల్లవారేసరికి సంచి వ్యాను గుమ్మంలో ఉంది. దాని పక్కన అంకమ్మ, దారి వైపు తిరిగి కూర్చుంది. మస్తానయ్య ముఖం కూడా కడుక్కోకుండా దిగి వచ్చి, పొద్దున ఆరింటికే ఆ మాట అడిగాడు.