మైకక్క పాడని లైను

డీజేలు పాటలు వేస్తారు, గాయకులు పాడతారు. మైకక్క రెండూ చేసేది. ఒక చేత్తో పాట మీదికి పాట తోస్తూ, ఇంకో చేత్తో మైకు పట్టుకుని, ఆ రెండూ కలిసే చోట తను గొంతెత్తేది. అక్కడ ఆమె పాడుతుంటే పాతది ఎక్కడ అయిపోయిందో, కొత్తది ఎక్కడ మొదలైందో ఆడేవాళ్ళకు తెలిసేది కాదు, తెలుసుకునే తీరికా వాళ్ళకు ఉండేది కాదు. మైకు వదలని మనిషి కాబట్టి మైకక్క అయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే తనే పలికేది కాదు.

ఆమె పాడింది రికార్డు చేసి చక్కదిద్దే పని తమ్ముడిది. వాడికి కత్తెర అని పేరు పెట్టింది అక్కే. కంప్యూటర్ తెర మీద ఆమె గొంతు గీతలుగా పరుచుకోగానే, లైనుకూ లైనుకూ మధ్య ఆమె ఊపిరి పీల్చిన చప్పుడు ఎక్కడుందో వెతికి పట్టుకుని తీసేసేవాడు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేవాడు. అందులో తనను మించినవాడు లేడని వాడి నమ్మకం.

తల్లికి మాత్రం ఆ పనితనం కంటికి ఆనేది కాదు.

"అది రెండు మెట్లెక్కితే రొప్పుతుంది కదరా! నీ దాంట్లో అంతసేపు పాడినా ఆయాసమే లేదు. ఎవర్ని తెచ్చి పాడించావు?"

"అమ్మా, దాన్ని నీటుగా చెయ్యడం అంటారు."

"నీటు నా మొహం. అది మా పిల్ల గొంతులా లేదు."

ఆమె ఎన్నిసార్లన్నా వాడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు.

మైకక్క ఎన్నాళ్ళనుంచో కలలు కన్న మిక్స్ ఆల్బమ్ అప్పటికి దాదాపు పూర్తయింది. మొదటి పాట మొదలైతే ఆఖరిది ముగిసేదాకా ఎక్కడా ఖాళీ ఉండదు. ఆడే కాళ్ళకు ఆగే వీలు దొరకకూడదని ఆమె పట్టుదల. పేరు కూడా తనే పెట్టుకుంది, 'తలుపు మూసేలోగా' అని. ఆఖరి పాటలో ఆఖరి లైను ఒక్కటే మిగిలింది: "తలుపు మూసేలోగా ఇంకొక్క పాట."

"గొంతు బరువుగా ఉందిరా, రేపు పాడేస్తాలే" అంది. మర్నాడూ అదే మాట. ఆ తర్వాతా అదే మాట. డాక్టర్ లోపల గడ్డ ఉందన్నాడు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. తీసేశారు.

ఇప్పుడామె ఊపిరి ముక్కులోంచి రాదు, నోట్లోంచి రాదు. మెడ కింద పెట్టిన చిన్న రంధ్రంలోంచి వస్తుంది. దాని మీద పలచటి గుడ్డ కట్టుకుంటుంది. మాట్లాడాలంటే పలకా, సుద్దముక్కా. ఇంటికొచ్చాక ఆమె రాసిన మొదటి మాట "ఆల్బమ్?" అన్నదే. అది చదివి తమ్ముడు పెరట్లోకి పోయి ఏడ్చాడు.

ఏడ్చినవాడు ఊరుకోలేదు. గొంతును వినిపిస్తే అదే గొంతుతో పాడే మిషన్లు వచ్చాయి కదా. అక్క పాడిన పాటలన్నీ దానికి వినిపించి, మిగిలిన లైను రాసిచ్చాడు. అది పాడింది. ఎక్కడా వంక లేదు. తీసుకెళ్ళి పాటలో అతికించాడు. అక్క మొహంలో మళ్ళీ వెలుగు చూడాలన్నదే వాడి ఆశ. అంతకుమించి ఆలోచించలేదు, పిచ్చి సన్నాసి.

గోడలకు బొంతలు కొట్టిన ఆ చిన్న రికార్డింగ్ గదిలో ఆమెను కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా ఆఖరి పాట వేశాడు. ఆమె తొడ మీద తాళం వేస్తూ వింది. ఆ లైను వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. గబగబా పలక అందుకుంది.

"ఇది ఎప్పుడు పాడాన్రా? గుర్తే లేదు. బాగా పాడాను."

కత్తెర ఆ అక్షరాలు చదివాడు. తల ఒక్కసారి ఊపితే చాలు. ఆల్బమ్ బయటికి వెళ్తుంది, జనం ఆడతారు, అక్క తను ఆఖరిసారి పాడింది ఇదేనని బతికినన్నాళ్ళూ మురిసిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ మురిపెం ఆమెది కాదు, మిషనుది. వాడి మెడ ఊగనంది.

"నువ్వు పాడలేదక్కా. మిషను పాడింది."

ఆమె పలక మీది అక్షరాలు తుడవడానికి చాలాసేపు పట్టింది.

"నా గొంతు నాకే తెలియలేదా?"

"నీకెలా తెలుస్తుందక్కా? దానికి నేనిచ్చినవన్నీ నేను కోసిన పాటలే. నీ ఊపిరి ఒక్కటి కూడా మిగల్చలేదు నేను. అమ్మ మొత్తుకుంటూనే ఉంది."

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు. ఆమె తెర మీద ఆ లైనును వేలితో చూపించింది, తీసెయ్యమన్నట్టు. తీసేశాడు. పాటలో ఆ మేరకు ఖాళీ పడింది. ఖాళీ అంటే పడని మనిషి కాసేపు దాన్ని అలాగే చూస్తూ కూర్చుంది.

తర్వాత మైకు అందుకుంది. పాత అలవాటు కొద్దీ పెదవుల దగ్గరికి ఎత్తింది. ఎత్తి, ఆగి, మెల్లగా దించి, గుడ్డ జరిపి మెడ దగ్గర పెట్టుకుంది. కానియ్యమని కళ్ళతో చెప్పింది.

సంగీతం నడిచింది. లైను ముందు ఎక్కడ ఊపిరి పీల్చేదో సరిగ్గా అక్కడే పీల్చింది. పెదవులు మాటలన్నీ పలికాయి. శబ్దం లేదు. నాలుక పళ్ళకూ అంగిటికీ కొట్టుకున్న 'త', 'ట' సన్నగా వినిపించాయి. వాటి కింద తాళం తప్పకుండా వస్తూ పోతూ ఉన్న ఊపిరి. అంతే.

వాడి వేళ్ళు వాటంతటవే ఆ ఊపిరిని కొయ్యడానికి బయల్దేరాయి. సుద్దముక్కతో కణుపుల మీద టక్కున ఒకటి పడింది.

"లేదక్కా, కొయ్యను" అన్నాడు వాడు, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ సాయంత్రమే ఇంట్లో ఆల్బమ్ మొత్తం వేశారు. తల్లి బట్టలు మడతపెడుతూ, ఈ మోతకి ఇంటి కప్పు లేచిపోతుందని యథాప్రకారం సణిగింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పాట వెనక పాట నడిచింది. ఆఖర్న వాయిద్యాలు పలచబడి, ఊపిరి ఒక్కటే మిగిలింది.

తల్లి చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది.

"ఇదిగో, ఇదీ మా పిల్ల" అంది. "మెట్లెక్కి వచ్చినట్టుంది."

కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ వెయ్యరా" అంది.

కత్తెర లేవబోయాడు. మైకక్క వాణ్ణి కూర్చోమని, తనే లేచి వెళ్ళి వేసింది.